అవ్వ కాలి కొలత

మొన్న మా మనుమరాలు దీవెన నార్కట్‌పల్లి చౌరస్తాలో కొన్న చెప్పుల డబ్బా తెచ్చి నా ఒడిలో పెట్టి, "తీసి చూడు అవ్వా, మస్తు మెత్తగున్నయ్, దూది మీద నడిసినట్టుంటది" అన్నది. మూత తీయగానే రబ్బరు వాసన, జిగురు వాసన, లోపల చుట్టిన సన్న కాగితం వాసన గుప్పుమన్నాయి. కాని నేను ఏ వాసన కోసం ఆ చెప్పును ముక్కు దాకా తెచ్చుకున్నానో అది మాత్రం రాలేదు. చెప్పులంటే నాకు తంగేడు చెక్క వాసన. "దుకాణపాయన మీ అవ్వ కాలు నంబరెంత అన్నడు, నాకు తెల్వలే, అందాజగ తెచ్చిన" అని అది నవ్వింది. తెలియకపోవడం దాని తప్పు కాదు, నాకూ తెలియదు. ఎనభై ఏండ్లు దాటిన ఈ కాళ్ళకు ఏ నంబరూ లేదు. మా ఇంట్లో కాళ్ళకు నంబర్లు ఉండేవి కావు, తాటాకులు ఉండేవి.

మా నాయిన ముత్తయ్య మాదిగవాడలో పేరున్న పనివాడు. వాడ చివర, గుట్ట మొదలయ్యే చోట, భూమిలో తవ్వి చుట్టూ రాళ్ళు పేర్చిన తోలు నానేసే లందలు మూడు మావి. తోలు మొదట సున్నపు నీళ్ళలో నానాలి, వెంట్రుక ఊడాలి, రంపెతో గీకాలి, ఆ తర్వాత దంచిన తంగేడు చెక్క వేసిన నీళ్ళలో రోజుల తరబడి మునిగి తేలాలి. ఊరివాళ్ళు ఆ దారిన పోవలసి వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ ఒక్క వాసనలో మూడు వాసనలు తెలిసేవి, పచ్చి తోలుది ఒకటి, సగం పండినది ఒకటి, పూర్తిగా పండినది ఒకటి. మూత తీయకుండానే జొన్న గటక ఉడికిందో లేదో నాయిన తల్లి, మా అవ్వ చెప్పినట్టు, నాయిన తోలు అంచును ముక్కు దగ్గర పెట్టుకుని కండ్లు మూసుకుని "అయింది" అనేవాడు. తంగేడు చెక్క కోసం గుట్టకు పోయినప్పుడు అవ్వ నన్ను వెంట తీసుకుపోయేది. కొమ్మ నరికే ముందు పువ్వులన్నీ దూసి ఒడిలో వేసుకుని, "పువ్వు బతుకమ్మకు, చెక్క చెప్పుకు, పుల్ల పొయ్యికి. గింత చెట్టుకున్న బుద్ధి మనిషికి లేదు బిడ్డా" అనేది.

ఊళ్ళో ఎవరి కాలైనా మా ఇంటి దూలానికి వేలాడేది. కాలు పొడవుకు తాటాకు కోసి, వెడల్పు ఎంతో దాని మీద గాటు పెట్టి, ఎవరిదో గుర్తుండడానికి ఒక్కో ఆకుకు ఒక్కో ముడి వేసేవాడు నాయిన. చదువు రాని చేతులకు అదే చదువు. పటేలు ఆకుకు రెండు ముడులు, గొల్ల పెద్దయ్య ఆకుకు గొర్రె బొచ్చు, దొర ఆకుకు నల్ల దారం, దొరసాని ఆకుకు ఎర్ర దారం. ఏ ఏటికాయేడు కొత్త చెప్పులు కుట్టి దొర ఉండే గడికి అప్పజెప్పడం మా ఇంటి వెట్టి. మోటకు తోలు తొండం, ఎద్దులకు పలుపులు, దొరలకు చెప్పులు, అడగకముందే చేసియ్యాలి, చేసినందుకు ఏమీ అడగకూడదు. అన్నేండ్లు చెప్పులు కుట్టి ఇచ్చినా దొరసానిని నాయిన ఒక్కసారీ చూసి ఎరుగడు. ఆమె కాలి కొలతను దాసి ఎప్పుడో ఆకు మీద తీసి తెచ్చి గడప అవతల పడేస్తే ఏరుకొచ్చుకున్నదే. అంతమంది కాళ్ళు వేలాడే ఆ కట్టలో మా వాడవాళ్ళది ఒక్క ఆకు కూడా లేదు.

ఎందుకు లేదంటే, గడి ఊరి నడుమ ఉండేది. కుంటకు పోవాలన్నా, పొలానికి పోవాలన్నా, అంగడికి పోవాలన్నా గడి ముందునుంచే దారి. కాపువాళ్ళయినా, గౌండ్లవాళ్ళయినా గడి కనపడగానే చెప్పులు విడిచి చంకలో పెట్టుకుని, తల వంచుకుని దాటి, అవతలి మూల తిరిగిన తర్వాత తొడుక్కునేవాళ్ళు. మా వాడవాళ్ళకు చెప్పులు చంకలో పెట్టుకునే భాగ్యం కూడా లేదు. చెప్పు కుట్టేవాడి కాలికి పల్లేరు కాయలు, రేగు ముండ్లు. మా అవ్వ పోచమ్మ అరికాళ్ళు ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చి ఉండేవి. చలికాలంలో ఆ నెర్రెలలో ఆముదం పోసి మెత్తని గుడ్డతో అద్దడం నా పని. నేను అద్దుతూ ఉంటే అవ్వ కథ చెప్పేది, కథ అయిపోయేదాకా నేను కావాలనే నెమ్మదిగా అద్దేదాన్ని.

దొర చెప్పులు కిర్రు చెప్పులు. అడుగున రెండు తోళ్ళ మధ్య మరో సన్న తోలు ముక్క పెట్టి కుడితే అడుగు వేసినప్పుడల్లా కిర్రుమంటాయి. ఆ చప్పుడు వినపడితే చాలు, ఊరు ఉన్నచోటే లేచి నిలబడేది. ఆ కిర్రును పుట్టించింది మా నాయిన చేతులే, ఆ కిర్రుకు లేచి నిలబడేదీ మా నాయినే. నాకు ఏడెనిమిదేండ్లు ఉంటాయి, ఇది ఏమి లెక్కో నాకు అర్థమయ్యేది కాదు.

వానలు వెనకపట్టి గుట్ట మీద సీతాఫలాలు కన్ను విచ్చే రోజులవి. గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా పూసి, పిల్లలమంతా పొద్దంతా పువ్వుల వెంటే తిరిగేవాళ్ళం. మధ్యాహ్నం నీడకు చేరి కచ్చకాయలు ఆడి, ఆకలైతే సజ్జరొట్టెలో బెల్లం కలిపి నలిపిన మలీద ముద్ద కోసం అమ్మల చుట్టూ మూగేవాళ్ళం. అట్లాంటి ఒక మధ్యాహ్నం అవ్వ కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నది. నాయిన కోసి పడేసిన తాటాకు ముక్క నా చేతిలో ఉన్నది. నాయిన చేసినట్టే మడమ దగ్గర ఆకు ఆనించి, బొటనవేలు దగ్గర తుంచి, వెడల్పు చూసి పంటితో గాటు పెట్టాను. దసరాకు అందరికీ కొత్త చెప్పులు వస్తాయి కదా, అవ్వకు ఎందుకు రావొద్దు అని నా ఆలోచన. అవ్వ ఆకుకు అన్నిటికంటే అందమైన గుర్తు ఉండాలని చూస్తే, కట్ట మొత్తంలో అందమైనది ఎర్ర దారం. దాన్ని దొరసాని ఆకు నుంచి విప్పి అవ్వ ఆకుకు కట్టి, కట్టలో కలిపేసి, దారం లేని ఆ బోసి ఆకును ఎటో పారేసి ఆటకు పోయాను. ఆడి ఆడి ఆ సంగతే మరిచిపోయాను.

పండుగకు నాలుగు రోజుల ముందు నాయిన ఎర్ర దారం ఆకు తీసి తోలు మీద పరిచి కొద్దిసేపు అట్లాగే చూశాడు. "ఏందే అవ్వా, దొరసాని కాలు గీ ఏడు ఇంత బలిసింది?" అన్నాడు.

"కూసోబెట్టి నెయ్యివోసి పెడ్తరు, కాలు బల్వకుంటె ఏం బలుస్తది? నీకెందుకురా, ఆకు చెప్పింది కుట్టు" అన్నది అవ్వ.

గడికి పోయి అడిగే ధైర్యం ఎవరికి ఉన్నది? నాయిన ఆకు చెప్పినట్టే కుట్టాడు. లేత తోలు, పైన ఎర్ర కుచ్చులు, అంచున తెల్ల దారంతో మిడతకాళ్ళ కుట్టు, అడుగున కిర్రు. అంత చక్కని జోడు నాయిన మళ్ళీ కుట్టలేదని మా వాడ ముసలివాళ్ళు చాలా ఏండ్లు చెప్పుకునేవాళ్ళు.

ఆ జోడును గుడ్డలో చుట్టుకుని నాయిన గడికి పోతుంటే నేనూ వెనకాలే పోయి, ప్రహరీ గోడ పగులు దగ్గర నక్కి చూశాను. దాసి చెప్పులు లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి లోపల ఆడవాళ్ళ నవ్వులు. తర్వాత దొర బయటికి వచ్చి ఆ జోడును నాయిన రొమ్ముకేసి కొట్టాడు.

"ఎవతి కాలు కొలత తెచ్చినవ్‌రా ముత్తిగా? ఇది మా ఇంటి ఆడోళ్ళ కాలా? బురదల నాట్లేసేదాని కాలు లెక్కున్నది!"

నాయినకు ఏమీ తెలియదు. పొద్దు గుంకేదాకా ఆయనను గడి వాకిట్లో ఎండలో వంగబెట్టి వీపు మీద బండ ఎత్తారు. ఆ గోడ పగులు దగ్గరే నాకు ఎర్ర దారం గుర్తుకు వచ్చింది.

ఇంటికి పరుగెత్తి అవ్వ కొంగులో తల దాచుకుని ఉన్నదంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పొద్దు పోయాక నాయిన నడుము పట్టుకుని వచ్చి, ఆ జోడు మూలకు విసిరేసి కూలబడ్డాడు. అవ్వ ఆయన వీపుకు వేడినీళ్ళ కాపడం పెట్టి, గటక తినిపించి, అప్పుడు నెమ్మదిగా పిల్ల చేసిన పని చెప్పింది. నాయిన నా వైపు చూడలేదు. అవ్వ లేచి మూలనున్న చెప్పులు తెచ్చి, కాళ్ళు కడుక్కుని, జీవితంలో మొదటిసారి చెప్పులో కాలు పెట్టింది. నెర్రెలిచ్చిన ఆ మడమ, విచ్చుకున్న ఆ వేళ్ళు, అన్నీ ఎక్కడివక్కడ అమరిపోయాయి. నాయిన దీపం దగ్గరికి జరుపుకుని, ఒంగలేని నడుముతోనే ఒంగి, వేలితో అంచు వెంట తడిమి చూశాడు.

"నువ్వుగింజంత గూడ తేడా లేదు" అన్నాడు. అప్పుడు నా వైపు చూశాడు. "కొలత మంచిగ తీసినవ్ బిడ్డా" అన్నాడు. వీపు మీద బండ మోసిన రోజున కూడా పని బాగుంటే బాగున్నదనే మనిషి మా నాయిన. ఆ మాట కోసం నేను ఇప్పటికీ తల ఎత్తుకుని తిరుగుతాను.

అవ్వ ఆ జోడు విప్పి, గుడ్డలో చుట్టి, జొన్నల గుమ్మిలో అడుగున దాచింది. తోలు ఎండిపోకుండా అమాసకు ఒకసారి తీసి ఆముదం రాసేది. తొడుక్కునేది మాత్రం కాదు.

జొన్నలు కోతకు వచ్చేనాటికి మా ఊళ్ళోకి దొరల వెట్టికి ఎదురు తిరిగిన సంఘం వచ్చింది. గడి ముందు ఊరంతా చేరి "ఇగ వెట్టి చెయ్యం" అని చెప్పింది. దొర కుటుంబం బండి కట్టుకుని పట్నం పోయింది. సంఘం మాకు గుట్ట కింద చెలక ముక్క పంచింది, అవ్వ అందులో ఆముదాలు చల్లింది. నిజాం తరఫు రజాకార్లు వచ్చినప్పుడు గుట్ట బండల మధ్య దాక్కున్నాం. ఒకసారి మేము గుట్ట చేరకముందే మా వాడలో గుడిసెలు అంటించారు. ఆ మంటల్లోంచి అవ్వ మొదట నన్ను, తర్వాత గుమ్మిలోని గుడ్డమూటను బయటికి తెచ్చింది. ఊరు మళ్ళీ కుదుటపడ్డాక అందరూ గడి ముందు చెప్పులతోనే నడవసాగారు. కాలిన ఇల్లు మళ్ళీ లేపి, దూలానికి కొత్త ఆకులు కట్టిన నాయిన తనకూ ఒక జోడు కుట్టుకున్నాడు. సంఘంలో తిరిగే కాపుల పిల్లవాడు ఒకడు వచ్చి, "ఇగ భయమెందుకు అవ్వా, గడిల ఎవ్వలున్నరు? తొడుక్కో" అని బతిమాలాడు.

"ఎవ్వలు లేని గడి ముంగట కుక్క గూడ నడుస్తది కొడుకా. అండ్ల నా గొప్పేముంది?" అన్నది అవ్వ.

ఆయేడు బతుకమ్మ పండుగ దగ్గర పడ్డప్పుడు యూనియన్ మిలిటరీ వచ్చింది, నిజాం పోయాడన్నారు. ఊరు సంబురపడుతుండగానే మిలిటరీ లారీ వెనకాలే దొర కూడా దిగాడు. తల మీద కాంగ్రెసువాళ్ళ తెల్లటోపీ తప్ప మనిషి అదే మనిషి. గడిలో సిపాయిల ఠాణా పడింది. సంఘం పిల్లలు కొందరు అడవికి పోయారు, కొందరు జైలుకు పోయారు. ఎవరూ చెప్పకుండానే ఊరి చెప్పులు మళ్ళీ చంకల్లోకి ఎక్కాయి. ఒకనాటి పొద్దున నేను, అవ్వ కుంట నుంచి వస్తుంటే, ముందు పోతున్న నాయిన గడి మూలమీద ఆగి, అటు ఇటు చూసి, వంగి చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. మేము చూశామని ఆయనకు తెలియదు. అవ్వ ఇంటికి వచ్చి కొత్త గుమ్మిలో చెయ్యి పెట్టింది.

సద్దుల బతుకమ్మనాటి సాయంత్రం మా వాడ ఆడవాళ్ళు కుంటకు బయలుదేరారు. అవ్వ తల మీద తంగేడు పూలతో పేర్చిన మూరెత్తు బతుకమ్మ, రెండు చేతులూ దాన్ని పట్టుకుని ఉన్నాయి. కాళ్ళకు ఎర్ర కుచ్చుల చెప్పులు. వాడ దాటగానే కిర్రు, కిర్రు. ఆడవాళ్ళ పాట ఆగిపోయింది. నాయిన ఎదురొచ్చి, "నీ కాల్మొక్త అవ్వా, ఇడువు, సంపుతరు" అన్నాడు. "జరుగు బిడ్డా, బతుకమ్మ కదుల్తది" అని అవ్వ ఆయనను దాటుకుని పోయింది. నాకు చెప్పులు లేవు. అవ్వ వెనకాలే ఉత్తకాళ్ళతో నడుస్తూ, భయం పోవడానికి నాలుక అంగిలికి ఆనించి నేనూ నోటితో కిర్రు, కిర్రుమన్నాను.

గడి ముందు దొర కుర్చీలో ఉన్నాడు. పక్కన అరుగు మీద సిపాయిల పెద్ద, మోకాళ్ళ దాకా బూట్లతో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. గడి మనిషి ఒకడు ఉరికొచ్చాడు.

"ఏయ్ పోచీ! కండ్లు నెత్తికెక్కినయా? ఇడువ్ చెప్పులు!"

"రెండు చేతుల బతుకమ్మ ఉన్నది. ఎట్ల ఇడువాలె? అంత తొందరుంటె నువ్వే ఒంగి ఇడిపియ్యి" అన్నది అవ్వ. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు రెండడుగులు వెనక్కి పోయాడు.

దొర అన్నాడు, "ఎవని అండ చూస్కోని నడుస్తున్నవే? నీ సంఘపోళ్ళు పోయిన్రు."

"నా కాళ్ళ అండ చూస్కోని నడుస్తున్న దొరా. గీ చెప్పులు మీ ఇంటికని కుట్టినయే, మీరే ఇసిరికొట్టిన్రు. ఇసిరిన దాన్ని ఏరుకునుడు మా ఇంటి వెట్టి కాదా?" అని, గడ్డంతో అరుగు వైపు చూపించి, "గా సిపాయి బూట్లతోని నీ అరుగెక్కి కూసున్నడు. ఆయన బూట్లకు లేని అంటు నా చెప్పులకెక్కడిది? ఆ బూట్ల తోలు గూడ ఏ దేశంలనో ఓ మాదిగోడే నానేసి ఉంటడు" అన్నది.

భాష తెలియని ఆ సిపాయిల పెద్ద తన బూట్లను చూసుకున్నాడు, అవ్వ చెప్పులను చూశాడు, దొర వైపు తిరిగి "క్యా బోల్‌తీ బుడ్డీ?" అని, ముసలిది ఏమంటున్నదో అడిగాడు. మా ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకూ తెలిసిన ఆ కట్టడిని, బయటి మనిషికి చెప్పాలంటే దొర దగ్గర మాట లేదు. చివరికి "కుచ్ నహీ సాబ్, పండుగ హై" అన్నాడు. "తో జానే దో" అని సిపాయి పోనిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

కిర్రు, కిర్రు. అవ్వ గడి దాటింది. తల దించలేదు, అడుగు పెంచలేదు. మా వెనక ఒక గౌండ్ల ఆమె చంకలో చెప్పులు కింద పడేసి తొడుక్కున్నది, తర్వాత ఇంకొకామె. గడి మూల మీద చూస్తే, అక్కడ నాయిన నిలబడి ఉన్నాడు, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

మూడు రోజులు మా ఇంట్లో అందరం ఎప్పుడు పిలుపు వస్తుందోనని వాకిలి వైపే చూశాం. గడి నుంచి ఎవరూ రాలేదు. నాలుగోనాడు పొద్దున మా వాడ ఆడవాళ్ళు, మాలవాడ ఆడవాళ్ళు, చాకలి ఆమె కూడా వచ్చి, కాళ్ళు కడుక్కుని వరుసగా కూర్చున్నారు. "మా కొలతలు గూడ తియ్యవే బిడ్డా, నీ చెయ్యి మంచిదట" అని నన్ను పిలిచారు. నేను ఆకులు కోసుకుంటూ పోయాను, నాయిన ముడులు వేసుకుంటూ పోయాడు. ఆ బరువుకు దూలానికి కట్టిన తాడు తెగి, ఊరి కాళ్ళన్నీ మా ఇంటి నడుమ కుప్ప పడ్డాయి. ఏ ఆకు ఎవరిదో ఏరుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది. మరుసటి ఏడు దొరసానికి చెప్పులు కావాలని గడి నుంచి కబురు వస్తే, నాయిన నెమ్మదిగా, "కాలు కండ్ల సూడకుంట కుట్టను, మల్ల తప్పైతది" అని చెప్పి పంపాడు. మళ్ళీ కబురు రాలేదు. పట్నం నుంచి తెప్పించుకున్నారట.

సంఘం పంచిన చెలక మళ్ళీ దొర చేతికే పోయింది. అవ్వ చల్లిన ఆముదాలు కూడా వాళ్ళే కోసుకున్నారు. అది అబద్ధం చెప్పను. భూమి పోయింది గాని చెప్పులు పోలేదు.

ఇప్పుడు లందలు లేవు, పూడిపోయిన ఆ చోట సెల్ టవరు ఉన్నది. చెప్పు కుట్టే ఆరె, తోలు గీకే రంపె పట్టే చెయ్యి మా వంశంలో లేదు. తంగేడు చెక్క వాసన ఎట్లుంటుందో చెప్పబోతే పిల్లలు నన్ను వింతగా చూస్తారు. అవ్వ చెప్పులను అవ్వతోనే సాగనంపాం. దీవెన నల్లగొండ దవాఖానలో నర్సు పని చేస్తున్నది. ఆ మధ్య దానికి కిరాయి ఇల్లు చూడబోతే, ఇంటామె మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వంటగది కూడా చూపించి, చివరకు "మీరేమిట్లమ్మా?" అని కులం అడిగింది. దీవెన తడుముకోకుండా చెప్పింది. అప్పుడామెకు ఆ ఇల్లు ఎవరికో ముందే మాటిచ్చినట్టు గుర్తుకొచ్చింది. దీవెన లేచి, గుమ్మం బయట విడిచిన చెప్పులు తొడుక్కుని, "ఇల్లు మంచిగున్నదమ్మా, అడిగిన మాటే మంచిగ లేదు" అని నవ్వి మెట్లు దిగింది. ఆ నడక ఎవరిదో నాకు తెలుసు.

గడి సగం కూలిపోయింది, గోడ పగుళ్ళలో తంగేడు మొలిచి పూస్తున్నది. మా ఇల్లు ఊరి ఆ చివర ఉన్నా, ఆటో ఎక్కినప్పుడల్లా నేను గడి మూల మీదనే దిగుతాను. "ఇంటిదాక పోతది గదా అవ్వా, గీడనే ఎందుకు దిగుతవ్?" అని ఆటో పిల్లవాడు ప్రతిసారీ విసుక్కుంటాడు. మొన్న దీవెన తెచ్చిన కొత్త జోడు తొడుక్కుని కూడా అక్కడే దిగాను. నిజంగానే దూది మీద నడిచినట్టే ఉన్నది, ఇంత కూడా చప్పుడు లేదు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. గడి వాకిలి ముందుకు రాగానే నాలుక అంగిలికి ఆనించి, అడుగుకొకసారి, కిర్రు, కిర్రు, కిర్రు.